అట్టబండి మీద లైటు

కోడేరులో అబ్రహాం అంటే చాలామందికి ముఖం కన్నా ముందు చేతులే గుర్తొస్తాయి. పద్నాలుగేళ్లు అంబులెన్సు స్టీరింగు పట్టిన చేతులు. కోడేరు నుంచి నాగర్‌కర్నూలు దాకా ఏ మలుపులో గుంత ఉందో, ఏ ఊరి దగ్గర బర్రెలు ఏ వేళకు రోడ్డు దాటుతాయో ఆయనకు కంఠస్థం. వెనక నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంటే ఒక తీరుగా, గుండె పట్టుకున్న పెద్దాయన ఉంటే ఇంకో తీరుగా నడిపేవాడు. గుంతల రోడ్డు మీద కూడా వెనకున్న మనిషి ఒళ్లు కదలకుండా తీసుకుపోతాడని పేరు.

రెండేళ్ల కిందట, మార్చి నెలలో ఒక ఉదయం, డ్యూటీ దిగే ముందు బండి కడుగుతుంటే ఆయన కుడిచేతిలోంచి బకెట్ జారిపడింది. వంగి తీయబోయాడు. చేయి కదల్లేదు. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. బండిలో పేషెంట్లను చూసుకునే రవికి ఆ మూతి వంకర చూడగానే అర్థమైపోయింది. డ్యూటీ మారే వేళ కావడం వల్ల రెండో డ్రైవరు అక్కడే ఉన్నాడు. ఇద్దరూ కలిసి అబ్రహాంను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. పద్నాలుగేళ్లలో తన బండి పైకప్పును కిందినుంచి చూడటం ఆయనకు అదే మొదటిసారి.

ప్రాణం దక్కింది. నెలరోజుల్లో మాట తిరిగొచ్చింది. కుడికాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేయడం వచ్చింది. కుడిచేయి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్లు ఒళ్లో పడి ఉండేది. పొద్దున చేన్లోకి పోయేముందు భార్య మణెమ్మ ఆ చేతికి నూనె రాసి, వేళ్లు ఒక్కొక్కటే విప్పేది.

"ఇది ఎవల చెయ్యి?" అని అడిగేవాడు అబ్రహాం, నవ్వబోయి.

"నీదే. నా మెడల తాళి కట్టింది గిదే. జర ఓపిక పట్టు" అనేది మణెమ్మ.

ఆమె పోయాక ఇంట్లో ఆయనొక్కడే. దవాఖానలో కసరత్తు చెప్పే మేడం గిన్నెలో శనగలు పోసుకుని, కుడిచేతి రెండు వేళ్లతో ఒక్కొక్కటి తీసి ఇంకో గిన్నెలో వేయమంది. గంటకు ఇరవై శనగలు. అన్నిటికన్నా కష్టం సైరన్ మోత. రోడ్డు మీద అది వినబడితే చాలు, అబ్రహాం గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది పూర్తిగా దూరమైపోయేదాకా ఇటు తిరిగేవాడు కాదు. మణెమ్మ ఇది చూసింది.

శనగలతో విసుగెత్తిన ఒకరోజు ఆయన కత్తెర పట్టుకున్నాడు. గోళీల దుకాణం నుంచి మందులు తెచ్చిన తెల్ల అట్టపెట్టె ఒకటి మూలన ఉంది. ఎడమచేత్తో కోసి, కుడి అరచేతిని బరువుగా దాని మీద పెట్టి అట్ట జరగకుండా అదిమాడు. నాలుగు రోజులకు బండి ఆకారం వచ్చింది. సీసా మూతలు చక్రాలయ్యాయి. వెనక తలుపులు రెండూ తెరుచుకునేలా గుడ్డపీలికలు అంటించాడు. అసలు బండికి వెనక తలుపు ఎంత వెడల్పో, మెట్టు ఎంత ఎత్తో ఆయన చేతికి తెలుసు. కొలవాల్సిన పని పడలేదు.

సాయంత్రం చేను నుంచి వచ్చిన మణెమ్మ తలమీది గడ్డిమోపు దించి, గడపలోనే ఆగిపోయింది.

"ఏంది గది?"

"బండి."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "మంచిగనే ఉంది. గని మీద లైటు లేదు. పాలవ్యాను లెక్క కొడ్తుంది."

అబ్రహాం ఆ మాటకు ఆ నెలలో మొదటిసారి గట్టిగా నవ్వాడు. నవ్వాక ఆలోచనలో పడ్డాడు. ఆమె చెప్పింది నిజమే. ఎరుపూ నీలమూ ఒకటి తర్వాత ఒకటి కొట్టుకోకపోతే అది ఏ బండైనా కావచ్చు.

మర్నాడు పది గంటలకు బండిని సంచిలో పెట్టుకుని, కర్ర పట్టుకుని బస్టాండు దగ్గరి బాబా దుకాణానికి నడిచాడు. మామూలుగా ఐదు నిమిషాల దారి. ఆయనకు అరగంట పట్టింది.

బాబాకు అరవై దాటాయి. ముప్పై ఐదేళ్లుగా కోడేరులో రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు చెడిపోయిన టీవీని బాగు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అయినా రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, చిన్న చిన్న సామాన్ల అరల ముందు కూర్చుంటాడు. అబ్రహాం గుమ్మంలో నిలబడితే బాబా తలెత్తి, "ఎవలూ?" అన్నాడు.

వెలుతురుకు అడ్డంగా ఉన్నాను కాబోలు అనుకున్నాడు అబ్రహాం. "నేను, బాబా భాయ్. అబ్రహాంను."

"అరె, అబ్రహాం! రా, కూసో. నువ్వొచ్చినవా నడుసుకుంట? అల్లా మేలు చేసిండు." బాబా చేయి చాచి ఆయన భుజం తడిమి, స్టూలు మీద కూర్చోబెట్టాడు.

సంచిలోంచి బండి తీసి చేతిలో పెడితే బాబా దాన్ని వేళ్లతో నిమిరి చూశాడు. తలుపులు తెరిచాడు, మూశాడు. "దీని మీద లైటు గావాలె. కొట్టుకునేది. ఒకటి ఎర్రది, ఒకటి నీలిది" అన్నాడు అబ్రహాం. "బజార్ల దొరికే బొమ్మలది వద్దు. నేనే చేస్త. నాకు చెప్పు."

బాబా ముఖం విప్పారింది. చాలాకాలంగా ఆయన్ని ఎవరూ ఏదీ నేర్పమని అడగలేదు.

"నేను పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ మొట్టమొదలు గిదే చేపిచ్చిండు" అంటూ అరలు లాగాడు. "ఇగో, గీ మూడు కాళ్ల నల్లటియి ట్రాన్సిస్టర్లు. ఇద్దరు మనుషులనుకో. ఒకడు లేస్తె ఇంకోడు కూసోవాలె. గీ చిన్న డబ్బాలు కెపాసిటర్లు. గివి బిందెలు. ఇద్దరికి చెరొక బిందె. ఒకని బిందె నిండంగనే ఇంకోన్ని కూసోబెడ్తది. మల్ల వాని బిందె నిండుతది, వీన్ని కూసోబెడ్తది. గట్ల ఆగకుండ నడుస్తనే ఉంటది. గీ రంగు గీతలవి రెసిస్టర్లు. నల్లా తిప్పినట్లు కరెంటును ఎంత గావాల్నో అంతే ఇడుస్తయి."

"గింతేనా?"

"గింతే. చేస్తె తెలుస్తది గింతేనో కాదో."

రెసిస్టర్లు రెండు రకాలవి కావాలి, ఒక్కో రకం రెండేసి. ఒక రకం లైట్ల దగ్గర, ఇంకో రకం ట్రాన్సిస్టర్ల దగ్గర. రెంటికీ మొదటి రెండు గీతలు పసుపు, ఊదా. మూడో గీతలోనే తేడా. లైటుకు పెట్టేదానికి గోధుమరంగు, రెండోదానికి నారింజరంగు. బాబా అరను అబ్రహాం వైపు జరిపి, "ఈడ వెలుతురు తక్కువున్నది, రంగులు నువ్వు చెప్పు" అన్నాడు. అబ్రహాం ఏరి చెప్పాడు. బాబా రెండు కుప్పలుగా పెట్టాడు.

అట్టముక్కకు సూదితో బెజ్జాలు పొడిచి, సామాన్ల కాళ్లు దూర్చి, వెనకవైపు మెలేసి అతకాలి. బాబా పట్టకారుతో కాళ్లు కలిపి పట్టుకున్నాడు. అబ్రహాం ఎడమచేత్తో కాలే సోల్డరింగ్ పుల్ల పట్టుకున్నాడు. ఆ చేయి అలాంటి పని ఎన్నడూ చేయలేదు, వణికింది. సీసం తీగ పట్టుకోవాల్సింది కుడిచేయి. రెండు వేళ్ల మధ్య దాన్ని ఇరికించుకుని, మోచేయి బల్లకు ఆనించాడు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి నిలిచింది.

"నా ఏళ్లు కాలుతయని భయపడకు" అన్నాడు బాబా. "కాలితే నేనే చెప్త. సీసం మెరుస్తుందా, మసగ్గ ఉన్నదా?"

"మెరుస్తుంది."

"అయితే అతికింది. మసగ్గుంటే మల్ల పెట్టు."

మొత్తం అయ్యేసరికి మూడు రోజులు పట్టింది, రోజుకు రెండు గంటల చొప్పున. ఎక్కువ సేపైతే కుడిచేయి మొరాయించేది. మూడో రోజు మధ్యాహ్నం బ్యాటరీ తగిలించారు. ఎర్రదీ నీలిదీ రెండూ వెలిగాయి. మసక మసగ్గా, ఒక్కసారే వెలిగి, అలాగే ఉండిపోయాయి. కొట్టుకోలేదు.

బాబా అట్టను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ముక్కుకు ఆనేంత దగ్గరికి. వేలితో ఒక్కో అతుకూ తడిమాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అబ్రహాంకు ఏదో అనుమానం వచ్చి, ఆ అట్టను తీసుకుని, కర్ర ఊతంతో గుమ్మం బయటికి వెళ్లి ఎండలో పట్టి చూశాడు. దుకాణంలోని పాత బల్బు కింద గోధుమరంగులా కనబడినది ఎండలో నారింజరంగు. నారింజ అనుకున్నది గోధుమ. ఒక రకం చోట ఇంకో రకం పడింది.

"తప్పు నాదే, బాబా భాయ్" అన్నాడు లోపలికొచ్చి. "రంగులు తారుమారు చెప్పిన."

"నీది గాదు." బాబా పట్టకారు కింద పెట్టాడు. "చేసేటోడు ఒక్కసారి తాను చూసుకోవాలె. నేను చూసుకోలే. చూస్తె గద. కండ్లల్ల పొర వచ్చింది, అబ్రహాం. ఎనిమిది నెలలాయె. రంగులు తెలుస్తలేవు. మనుషులు నీడల లెక్క కనబడ్తుండ్రు. ఇంట్ల చెప్పలే. చెప్తే షట్టరు దించమంటరు."

అబ్రహాం బల్ల మీది సోల్డరింగ్ పుల్ల వైపు చూశాడు. మూడు రోజులుగా ఈయన కాలే పుల్ల ముందు వేళ్లు పెట్టి కూర్చున్నాడు, ఎక్కడ పడుతుందో చూడకుండానే, తన వణికే ఎడమచేతిని నమ్ముకుని.

"మరి ఆపరేషన్ చేపిచ్చుకోవచ్చు గద?"

"భయమైతది" అన్నాడు బాబా, చిన్న గొంతుతో. "ఉన్న వెలుతురు గిట్ల పోతె?"

"ఎందరిని దవాఖానకు తీస్కపోయిన్నో నాకే తెల్వదు. నిన్ను తీస్కపోలేనా?" అన్నాడు అబ్రహాం. తర్వాత తనకే గుర్తొచ్చి, "బండి నడపలేను గని, బస్సుల పక్కన కూసుంట" అన్నాడు.

బాబా భుజాలు కొంచెం కిందికి దిగాయి, ఎనిమిది నెలల బరువు దించుకున్నట్లు.

రెసిస్టర్లు ఊడదీసి, ఎండలో ఒక్కొక్కటి చూసుకుని మళ్లీ అతికారు. ఈసారి కొట్టుకుంది. కానీ ఎర్రది వెలిగి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా ఉండి, అప్పుడు నీలిది వెలిగింది. "గింత నిమ్మళంగనా!" అన్నాడు అబ్రహాం. "గీ లెక్కన పోతె పేషెంటు నడుసుకుంట దవాఖానకు చేరుతడు." బాబా పగలబడి నవ్వాడు. "బిందెలు పెద్దయైనయి. చిన్నయి పెడదాం." చిన్న కెపాసిటర్లు వేశాక దీపాలు తడబడకుండా టకటకా మారసాగాయి. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం. బాబా ముఖం దాని దగ్గరికి వంచాడు. రంగు తెలియకపోయినా మిణుకు తెలుస్తోంది ఆయనకు. పెదాలతో దాన్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మణెమ్మ వచ్చేసరికి అబ్రహాం తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు. ఇల్లు మసక చీకటి. బల్ల మీద అట్టబండి. మీద దీపాలు కొట్టుకుంటున్నాయి. ఎరుపు ఒకసారి, నీలం ఒకసారి గోడకు ఉన్న సిలువ మీద, వంటగిన్నెల మీద పడి పోతున్నాయి.

"ఇప్పుడు చెప్పు, పాలవ్యానేనా?" అన్నాడు గర్వంగా.

మణెమ్మ నవ్వలేదు. కింద కూర్చుంది. దాన్నే చూస్తూ ఉండిపోయింది. వెలుగు ఆమె ముఖం మీద మారుతుంటే అప్పుడు చూశాడు అబ్రహాం, ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"ఏమైందే?"

"ఆ రోజు నిన్ను బండిల ఏస్కపోయినప్పుడు రవి ఫోన్ చేస్తె నేను ఆటోల ఎనకాల వచ్చిన. నీకెన్నడు చెప్పలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆటో అందుకోలేకపాయె. లైటొక్కటి దూరంగ కనబడ్తుండె. మలుపు తిరిగితె పోతుండె, మల్ల కనబడ్తుండె. అది కొట్టుకుంటున్నంత సేపు నువ్వు బతికే ఉన్నవనుకున్న. నాగర్‌కర్నూలు దాక దానిమీదికెల్లి కన్ను తియ్యలే."

ఇన్నాళ్లుగా ఆ రోజు గురించి ఆయనకు తెలిసింది బండి పైకప్పు మాత్రమే. ఆ బండి వెనక దుమ్ములో ఒక ఆటో ఉందనీ, అందులో ఈమె ఉందనీ తెలియదు. ఆయన కుడిచేయి ఎత్తాడు. అది సగం దాకా లేచి ఆగింది. మణెమ్మే ముందుకు జరిగి, ఆ చేతిని తన తల మీద పెట్టుకుంది.

ఆ తర్వాత సైరన్ వినబడితే అబ్రహాం గోడవైపు తిరగలేదు. మొదట్లో మంచం మీదే లేచి కూర్చునేవాడు. తర్వాత గడప దాకా వచ్చేవాడు. రవి బండిలోంచి చేయి ఊపితే తనూ ఊపేవాడు, ఎడమచేయి.

బాబాను బస్సెక్కించి నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి పోయాడు. మూడోసారి అబ్రహాం ముందే సీట్లో కూర్చుని, సంచి పక్క సీటు మీద పెట్టి, "నువ్వు రాకుంటే నేనొక్కన్నే పోయి నీ పేరు మీద నా కండ్లు చూపిచ్చుకొస్త" అన్నాడు. ముందు కుడికన్ను చేశారు, చలికాలంలో ఎడమది. కట్టు విప్పిన నాడు బాబా అబ్రహాం ముఖం పరీక్షగా చూసి, "ఇంత ముసలోడివైనవేంది?" అన్నాడు.

ఆ చలికాలమే పత్తి లోడ్ల ట్రాలీలు రోడ్ల మీదికొచ్చాయి. ట్రాక్టరుకు ముందు దీపాలుంటాయి. ట్రాలీకి వెనక ఏమీ ఉండవు. టైరు పోయో, లోడు ఒరిగో రోడ్డు పక్కన ఆపితే, పొద్దుగూకాక వెనకనుంచి వచ్చే మోటారు సైకిలుకు అది కనబడదు. పద్నాలుగేళ్లలో అబ్రహాం అలాంటి ట్రాలీల వెనకనుంచి ఎత్తుకొచ్చిన మనుషుల లెక్క ఎవరికీ చెప్పడు. ఒక అన్నదమ్ముల జంట గురించి మాత్రం మణెమ్మకు ఒకసారి చెప్పి, ఆ పూట అన్నం తినలేదు.

తమ సందులోనే ఉండే భీమన్నకు ట్రాక్టరుంది. అబ్రహాం ఆయన దగ్గరికి పోయి, "భీమన్నా, నీ ట్రాలీకి ఎనకాల ఒక లైటు పెడ్త. కొట్టుకునేది" అన్నాడు.

"నా ట్రాలీ ఏమన్న పెండ్లి బండా?" అన్నాడు భీమన్న. కానీ కర్ర ఊతంతో నడిచి వచ్చిన మనిషిని కాదనలేక, "సరే, పెట్టుకో" అన్నాడు.

అదే సర్కీటు. నీలం వద్దనుకుని అన్నీ ఎర్రవే వేశారు, ఒక్కోవైపు మూడేసి. అట్ట బదులు రేకుముక్క వేయబోతే బాబా ఆపాడు. రేకు అయితే అన్నీ ఒకదానికొకటి తగిలి కాలిపోతాయని ప్లాస్టిక్ పలక కోశాడు. మొదటిది నాలుగు రోజులే నిలిచింది. కుదుపుకు అతుకులు ఊడిపోయాయి. రెండోదానికి అతుకుల మీద జిగురు పోశారు, మంచు తడికి పాడైంది. మూడోది మణెమ్మ టిఫిన్ డబ్బాలో పెట్టి, మూతకు బెజ్జాలు చేసి లైట్లు బయటికి తీశారు. అది నిలిచింది. అతకడం చాలావరకు అబ్రహామే చేశాడు, ఇప్పుడు సీసం తీగ కుడిచేతిలో జారడం లేదు.

జనవరిలో ఒకరోజు పొద్దున భీమన్న అబ్రహాం ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నిన్న పొద్దుమీకి పెద్దకొత్తపల్లి రోడ్డుమీద టైరు పలిగింది" అన్నాడు. "లోడు మీదుండె. రోడ్డు కిందికి దించరాలే. ట్రాక్టరు ఇడ్సి, టైరు కోసం నేను ఊర్లకు వోయిన. మల్లొచ్చి చూస్తె ఒక మోటరు సైకిలు ఆగి ఉంది. మొగడు, పెండ్లాం, సంకల పిల్ల. లైటు చూసి ఆగిండ్రట. ఏమన్న సాయం గావాల్నా అని అడుగుతుండ్రు నన్ను."

భీమన్న కాసేపు నేల చూశాడు.

"మా బామ్మర్దికి కల్వకుర్తి దిక్కు ట్రాలీ ఉంది. వానికొకటి చెయ్యి" అన్నాడు. "ఆనితోని పనిచేసేటోళ్లవి ఇంకో రెండున్నయి."

భీమన్న వెళ్లాక అబ్రహాం చెప్పులేసుకుని, సంచి భుజాన తగిలించుకున్నాడు. వంటింట్లోకి పోయి అరలో చేయి పెట్టాడు.

"నా డబ్బాలన్ని ట్రాలీలకే పెడ్తివి" అంది మణెమ్మ పొయ్యి దగ్గరినుంచి. "రేపు చేన్లకు సద్ది దేంట్ల గట్టుకపోవాలె?"

"కొత్తయి కొందాం" అన్నాడు అబ్రహాం. మూడు డబ్బాలు సంచిలో వేసుకుని, బాబా షట్టరు ఎత్తే వేళకు బస్టాండు దారి పట్టాడు.